నాలుగో కిటికీ

లింగమూర్తి సైకిలు చైనుతో తన పనివాడు సోమలింగాన్ని వాకిట్లో కొడుతున్నప్పుడు నవత బాల్వాడీలో పిల్లల చేత కొమ్ముచెంబు బొమ్మ గీయిస్తోంది.

గది మధ్యలో స్టూలు, దాని మీద చెంబు, చుట్టూ నేల మీద పిల్లలు. మొదటి దెబ్బకు ఎవరూ తల తిప్పలేదు. తడిబట్టను బండకేసి బాదినట్టు వినిపించిందంతే. రెండో దెబ్బకు సోమలింగం అరుపు వచ్చింది. పిల్లల మెడలన్నీ ఒక్కసారే వాకిలి వైపు తిరిగాయి. నవత పరుగున వెళ్లి తలుపు మూసింది. మూసేలోపు కనిపించనే కనిపించింది. సోమలింగం మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. చొక్కా వీపున చినిగి, లోపలి తోలు కూడా చినిగి వేలాడుతోంది.

"ఇంకోసారి పోలీస్ చౌకీ తొవ్వ తొక్కుతవా?" లింగమూర్తి గొంతులో కోపం లేదు. చాయ్ చెప్పినంత నిదానంగా అడుగుతున్నాడు. "తొక్కుతవా, చెప్పు."

"తొక్కనన్నా... నీ కాల్మొక్త... తొక్కనన్నా..."

చైను ఆగలేదు.

"ఇటు సూడుండ్రి," అంది నవత. "చెంబు దిక్కు సూడుండ్రి. ఏది కనవడ్తే అదే గీయుండ్రి."

బయట చప్పుడు ఆగాక గదిలో పెన్సిళ్ల గీత తప్ప మరేమీ వినపడలేదు. అప్పుడు రుచిత తన కాగితం పైకెత్తింది. ఐదు నిండి ఆరులో పడ్డ పిల్ల. కళ్ల నిండా నీళ్లు. సోమలింగం కోసం అనుకుంది నవత. కాదు.

"అక్కా, నా చెంబుకు కొమ్ము లేదు. అందరికి ఉన్నది. నాకే లేదు."

నవత ఆ పిల్ల వెనక కూర్చుని చూసింది. కొమ్ము అవతలి వైపుకుంది. అక్కడి నుంచి కనపడదు.

"నువ్వే సరిగ్గ గీసినవ్ బిడ్డా. కనవడనిది గీయలే. గదే కావాలె."

సూరత్‌లోని పాండేసరలో రంగుల మిల్లులకూ మరమగ్గాల కార్ఖానాలకూ నడుమ ఆ బస్తీ ఉంది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతవాళ్లే అందులో ఎక్కువ. తల్లులు కండెలు చుట్టే పనికీ, తండ్రులు సాంచెలనే మరమగ్గాల మీదికీ వెళితే చిన్నపిల్లలు మురికి కాలువల పక్కన ఆడుకునేవాళ్లు. ప్లేగు వచ్చి వెళ్లిన తరువాత, కులపెద్ద నర్సింగం మూతపడ్డ ఒక పాత షెడ్డులో సగం అడిగి తీసుకుని బాల్వాడీ పెట్టించాడు. రెండో సగం లింగమూర్తిది. చిందీ గుడ్డల, అంటే కత్తిరించగా మిగిలిన పీలికల గోదాం అని చెప్పుకుంటాడు. అసలు వ్యాపారం పొట్లీలు. ప్లాస్టిక్ సంచుల్లో కట్టిన నాటుసారా. అది ఎక్కడ దాస్తాడో ఎవరికీ తెలియదు. పోలీసులు రెండుసార్లు వచ్చి గోదామంతా కలియబెట్టి ఉత్త చేతులతో వెళ్లారు.

నవత అంతకుముందు చీరల డిజైన్లు వేసే దుకాణంలో పనిచేసేది. అక్కడ బొమ్మ నేర్పిన ఉస్తాదు గీత తప్పితే ఇనుప స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. చెయ్యి నేర్చుకుంది, నిజమే. కానీ ముందున్న కాగితాన్ని మక్కీకి మక్కీ దించడం తప్ప ఆ చేతికి ఇంకేమీ రాలేదు. బాల్వాడీకి వచ్చిన మొదటి రోజే పిల్లలందరూ ఒకేలా రెండు కొండలు, నడుమ సూర్యుడు వేసి చూపించారు. సూరత్‌లో కొండలెక్కడున్నాయిరా అని అడిగితే మొహమొహాలు చూసుకున్నారు. ఆనాడే నిశ్చయించుకుంది, ఈ పిల్లల్ని కొట్టకూడదు, బోర్డు మీద వేసి చూపించకూడదు. చూడటం నేర్పితే చాలు.

అందుకే ఆటలు పెట్టేది. చెప్పును తలకిందులుగా పెట్టి గీయమనేది. ఒక వస్తువును కాసేపు చూపించి గుడ్డ కప్పేసి గీయమనేది. "ఎదురుంగ కూసున్నోనికి ఎట్ల కనవడ్తదో, లేవకుంట, ఇక్కడికెల్లే గీయ్" అనేది. పెద్దవాళ్లకే తల తిరిగే ఈ ఆట రుచితకు మంచినీళ్లంత తేలిక. కళ్లు మూసుకుని, మనసులోనే లేచి అవతలికి నడిచి, చూసి వచ్చి గీసేది.

సోమలింగం మళ్లీ పనిలోకి రాలేదు. పెళ్లాన్ని తీసుకుని ఊరికి వెళ్లిపోయాడని చెప్పుకున్నారు. వాకిట్లో నెత్తురు మరక మీద ఎవరో బూడిద పోశారు.

తరువాతి వారం నవత పిల్లల్ని షెడ్డు వెనక్కు తీసుకువెళ్లింది. మన బడి బయట నుంచి ఎట్లుంటదో గీయండి అంది. పొడవాటి గోడ. లింగమూర్తి సగంలో కిటికీలన్నీ ఇటుకలతో ఎప్పుడో మూసేశారు. బడి వైపు మాత్రం చెక్క కిటికీలున్నాయి. రుచిత గీయడం మధ్యలో ఆపి లోపలికి పరుగెత్తింది. మళ్లీ బయటకొచ్చింది. మళ్లీ లోపలికి పోయింది.

"ఏందే, ఏం పోగొట్టుకున్నవ్?"

"అక్కా, కిటికీ. లోపట మూడే ఉన్నయి. బయట నాలుగున్నయి."

"సరిగ్గ లెక్కపెట్టు."

"పెట్టిన. గీ కొసకున్నది మన అర్రల లేదు."

"అయితే లింగమూర్తన్న గోదాంలది కావచ్చు."

రుచిత తల అడ్డంగా ఊపింది. "మొన్న మా బాల్ దాంట్లకు వోతే తెచ్చుకున్న గద. ఆడ కిటికీలే లేవు." కళ్లు మూసుకుంది. రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి, నడుమ కొద్దిగా ఎడం ఉంచి చూపించింది. "రెండు అర్రల నడుమ ఇంకో సన్న అర్ర ఉన్నదక్కా."

నవతకు ఒళ్లు పులకరించింది. పిల్లను రెండు చేతుల్లోకి ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నేర్పింది ఇదే కదా. కనిపించిన వాటిని బట్టి కనిపించని దాన్ని కళ్ల ముందుకు తెచ్చుకోవడం. తిప్పుతూ ఉండగానే ఆ సన్న గది ఎవరిదో, అందులో ఏముంటుందో తట్టింది. కాళ్లు ఆగిపోయాయి. పిల్లను కిందికి దించింది.

"రుచితా, గిది ఎవ్వలికి చెప్పకు. ఇంట్ల గూడ చెప్పకు. ఆ?"

పిల్ల తలూపింది. అంత గొప్ప సంగతి ఐదేళ్ల కడుపులో ఎంతసేపు ఆగుతుంది? అన్నం తింటూ తండ్రి ఉమాకాంత్‌కు చెప్పేసింది.

ఉమాకాంత్ చెడ్డవాడు కాదు. ఒక్కడే ఎన్నో సాంచెలు నడిపే నేర్పరి. పెళ్లాన్ని ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు. సాయంత్రం పొట్లీ పడితే మాత్రం నోరు ఆగదు. ఆ పొట్లీ లింగమూర్తి అడ్డాలోనే తాగుతాడు. మరునాడు అక్కడే కూర్చుని తొడ చరిచి నవ్వాడు. "పోలీసోళ్లకు దొరకని అర్ర నా బిడ్డె కాయితం మీద పట్టిందిరా! నా బిడ్డె కండ్లు కండ్లు కావురా, దుర్బిన్‌లు!"

నవ్వు ఒక్కడిదే అయింది. మిగతావాళ్లు లేచి ఒక్కొక్కరే జారుకున్నారు.

అతన్ని చీకటి పడకముందే కాలువ గట్టున పడేసి వెళ్లారు. భార్య పద్మారాణి కేక విని నవత వెళ్లేసరికి ఉమాకాంత్ ముఖం గుర్తుపట్టేలా లేదు. దవడ పక్కకు జరిగిపోయింది. ఎడమ కన్ను గుంటలో నెత్తురు గడ్డ కట్టి ఉంది. గుడ్డ తడిపి తుడుస్తుంటే అందులో కన్ను లేదని తెలిసింది. పద్మారాణి ఆ గుడ్డను పట్టుకునే అతని మీద ఒరిగిపోయింది. ఇద్దరూ కలిసి తోపుడుబండి మీద వేసి ఆసుపత్రికి తోసుకుపోయారు. దారిపొడవునా అతను ఒకటే మాట గొణిగాడు. "నేనే సూసిన అన్న... బిడ్డె గాదు... నేనే సూసిన..."

తెల్లవారి లింగమూర్తి బాల్వాడీకి వచ్చాడు. వెంట ఇద్దరు. వాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. అతను పిల్లల నడుమ గొంతుక్కూర్చుని, జేబులోంచి చాక్లెట్లు తీసి పంచాడు.

"మంచిగ బొమ్మలు గీస్తరట గద. కిటికీలు ఎవ్వలు లెక్కవెట్టిండ్రు?"

చెయ్యి ఎత్తబోతున్న రుచితను నవత తన కాళ్ల వెనక్కు నెట్టింది. తండ్రికి ఏమైందో ఆ పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"నేనే లెక్కవెట్టిన," అంది నవత. "నేనే పిల్లలకు చెప్పిన. వాళ్లకేం ఎర్క?"

లింగమూర్తి లేచాడు. "గీ చేతితోనేనా గీసేది?" అని ఆమె కుడిచెయ్యి అందుకుని, పెళ్లిచూపుల్లో గాజులు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మరుక్షణం మెలిపెట్టి గడప మీదికి వంచాడు. వచ్చిన వాళ్లలో ఒకడు ఆమె వీపు మీద మోకాలు మోపాడు. తలుపుకు ఆనించే రాయి పక్కనే ఉంది. లింగమూర్తి దాన్ని ఎత్తి వేళ్ల మీద దించాడు. చిటచిటమని విరిగిన చప్పుడు నవతకు స్పష్టంగా వినిపించింది. నొప్పి తరువాత వచ్చింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. పిల్లలు గోడకు అతుక్కుపోయి కీచుమని అరుస్తున్నారు. ఒకడు నిలబడ్డచోటే తడిపేసుకున్నాడు. నవత అరవకూడదనుకుంది, పిల్లలు జడుసుకుంటారని. కానీ అరిచింది. గొంతు పగిలేలా అరిచింది.

"బడి బందు," అన్నాడు లింగమూర్తి చేతులు దులుపుకుంటూ. "పిల్లలు పిల్లల తీరు ఉండాలె. కండ్లు కిందికి వెట్టుకోవాలె."

ఆసుపత్రిలో వేళ్లకు కట్లు కట్టారు. రెండు వేళ్లు ఇక వంగవని చెప్పారు. చౌకీలో ఫిర్యాదు ఇస్తే తలుపు సందులో చెయ్యి పడిందని రాసుకున్నారు. నర్సింగం పెద్దమనిషి వచ్చి తల దించుకుని కూర్చున్నాడు.

"మనం బతకనీకి వచ్చినోళ్లం బిడ్డా. పాటలు నేర్పు, పద్యాలు నేర్పు. గీ సూసుడు పని ఇడిసిపెట్టు."

"పద్యం సెప్పుకుంట నడిసినా, కండ్లు తెరిసే నడవాలె గద తాతా?"

ఆయన లేచి వెళ్లాడు.

చెయ్యి కంటే పద్మారాణి మాటలు ఎక్కువ బాధించాయి నవతను. చూడటానికి వెళితే వాకిట్లోనే నిలబెట్టేసింది.

"నీ బొమ్మలే నా ఇంటి మీదికి తెచ్చినయి. నా మొగని కన్ను తెచ్చిస్తవా? తెచ్చియ్యి, అప్పుడు లోపటికి రా."

"వదినా..."

"నీకు వదినెను గాను."

లోపల రుచిత మూలన కూర్చుని ఉంది. చెంపల మీద వేళ్ల అచ్చులు. తండ్రి కట్టు వైపు చూసినందుకు, వీధిలోకి చూసినందుకు, గోడ మీద బల్లిని చూసినందుకు కూడా తల్లి కొడుతోందని పక్కింటివాళ్లు చెప్పారు. "సూడకు! కిందికి సూడు!" అని అరుస్తూ కళ్ల మీదే కొడుతోందట. పద్మారాణి కొట్టి కొట్టి, ఆ పిల్లనే పట్టుకుని ఏడుస్తోందట. నవత వచ్చిన చప్పుడుకు రుచిత తల ఎత్తలేదు. తన కాలి బొటనవేలినే చూసుకుంటూ ఉండిపోయింది.

అలాగే నడవడం అలవాటు చేసుకుంది పిల్ల. ఒక మధ్యాహ్నం నీళ్ల బిందె పట్టుకున్న తల్లి వెనకే తలవంచుకుని వస్తూ, నూలు మూటలు వేసుకుని పోతున్న తోపుడుబండికి ఎదురెళ్లింది. ఇనుప కొస నుదురు చీల్చింది. నెత్తురు కళ్లలోకి కారుతుంటే పద్మారాణి బిందె విసిరేసి పిల్లను ఎత్తుకుంది.

"కండ్లు లేవా నీకు? అంత పెద్ద బండి కనవడలేదా?"

"నేను సూడలేదమ్మా," అంది రుచిత బెదురుగా. "నువ్వు సూడొద్దన్నవ్ గద."

పద్మారాణి ఆ వీధి నడుమనే కూలబడిపోయింది. కొంగుతో గాయం అదిమిపట్టి లేచి, పిల్లకు కుట్లు వేయించి, పక్కింట్లో పడుకోబెట్టి, నేరుగా నవత ఇంటికి వచ్చింది. చేతిలో సాంచెలో నాడెను అటూ ఇటూ కొట్టే కట్టె ఉంది. గట్టి కలప, గజం పొడవు, చివర ఇనుప పట్టీ. ఉమాకాంత్ పనిముట్టు.

"ఆ సన్న అర్ర ఏడుందో సూపియ్యి," అంది.

కబురు చేయాల్సిన అవసరం లేకపోయింది. పద్మారాణి నడుస్తుంటే ఇళ్లలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఎవరి చేతికి అందింది వాళ్లు తెచ్చుకున్నారు. రోకళ్లు, ఇనుప గొట్టాలు, ఒకామె పిండి రుబ్బే పొత్రం. మొగవాళ్లంతా పగటి డ్యూటీలో ఉన్నారు. బడి తాళం పగలగొట్టి లోపలికి వెళ్లారు. నవత ఎడమచేత్తో సున్నపు గోడను తట్టి చూపించింది. "ఈడ."

మూడు దెబ్బలకు ఇటుక కదిలింది. తరువాత గోడ కూలడం మొదలైంది. కుళ్లిన బెల్లం, స్పిరిట్ కలిసిన కంపు గుప్పుమంది. లోపల నేల నుంచి పైకప్పు దాకా పొట్లీలు. ఆడవాళ్లు చేతులతో పీకి వాకిట్లోకి విసిరారు, కాళ్లతో తొక్కారు, పళ్లతో చించారు. సారా గడప దాటి వీధిలోకి పారింది.

లింగమూర్తి పరుగున వచ్చాడు. ఈసారి నిదానం లేదు. చేతిలో పొడవాటి కత్తి. ఎదురొచ్చిన మొదటి మనిషి పద్మారాణి. కత్తి ఆమె భుజాన్ని మోచేతి దాకా చీరింది. తెల్లటి ఎముక ఒక్క క్షణం కనిపించి నెత్తుట్లో మునిగిపోయింది. ఆమె వెనక్కు తగ్గలేదు. రెండో చేత్తోనే కట్టె తిప్పి అతని మోకాలి చిప్ప మీద వేసింది. అతను కూలాడు. వెంట వచ్చినవాళ్లు చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసి, పడ్డవాణ్ణి వదిలేసి పారిపోయారు.

నవతకు తరువాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎడమచేతిలో ఇటుక ఉంది. కింద లింగమూర్తి ముఖం ఉంది. ఒకటి వేసింది. పళ్లు ఊడాయి. హాయిగా అనిపించింది. మరొకటి వేసింది. ఇంకా హాయిగా అనిపించింది. ఉస్తాదు స్కేలు దెబ్బలు, విరిగిన వేళ్లు, ఉమాకాంత్ కన్ను, అన్నీ ఆ ఇటుకలోంచి దిగిపోతున్నాయి. చెయ్యి మళ్లీ లేచింది.

"సాలు నవతా! సచ్చిపోతడు!" పద్మారాణి ఆమె నడుం పట్టి వెనక్కు లాగింది. ఇద్దరూ సారాలో, నెత్తుట్లో పడిపోయారు. నవత ఇటుక వదలలేదు. ఎవరో వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీసుకోవాల్సి వచ్చింది. అప్పుడు వాంతి చేసుకుంది.

బస్తీ అంతా చూస్తుండగా, వీధిలో సారా పారుతుండగా పోలీసులకు కళ్లు మూసుకునే వీలు లేకపోయింది. లింగమూర్తిని ఆసుపత్రి నుంచే అరెస్టు చేశారు. అతను బతికాడు కానీ కాలు మళ్లీ నిలవలేదు, పాండేసరలో మళ్లీ కనిపించలేదు. పద్మారాణి మీద, నవత మీద కూడా కేసులు పెట్టారు. కట్టె దెబ్బకే కాలు పోయిందని పద్మారాణిని భుజానికి కుట్లతోనే జైలుకు తీసుకుపోయారు, నవతను జామీను మీద వదిలారు. రుచితను తాపీ నదికి అవతల అమ్రోలిలో ఉండే అమ్మమ్మ నర్సవ్వ దగ్గరికి పంపారు.

నర్సింగం తన ఇంటి అరుగే బడికి ఇచ్చాడు. తానే చాప పరిచి వెళ్లాడు. నవత కుడిచెయ్యి పెన్సిల్ పట్టలేకపోయింది. ఇదివరకు బోర్డు మీద వేయకపోయినా, పిల్లల గీత పక్కదారి పడితే చెయ్యి పట్టుకుని దిద్దేది. ఇప్పుడు అది కూడా లేదు. అడగడం ఒక్కటే మిగిలింది. "గిది గట్లెందుకున్నది? మళ్లోసారి సూడు. ఇంకేం కనవడ్తున్నది?" పిల్లలు చూసేవాళ్లు, తామే చెరిపి తామే దిద్దుకునేవాళ్లు. రాత్రి కలల్లో మాత్రం ఇటుక పట్టిన తన చెయ్యి మళ్లీ లేచేది. కింద ఉన్న ముఖం ఒక్కోసారి పిల్లలదయ్యేది. ఉలిక్కిపడి లేచి కూర్చునేది. పిల్లల్లో ఎవరైనా మొండికేస్తే చేతులు వెనక్కు కట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకుంది.

వానలు వెళ్లాక పద్మారాణికి జామీను దొరికింది. రుచితను తీసుకురావడానికి నవత అమ్రోలి వెళ్లింది.

"దినమంత నేల సూసుకుంటనే కూసుంటది," అంది నర్సవ్వ, మనవరాలి జడకు రిబ్బను కడుతూ. "పిలిస్తే పలుకుతది. తల మాత్రం లేపది."

బస్సులో రుచిత కిటికీ పక్క సీటు వద్దంది. నవత బలవంతపెట్టలేదు. తానే అటు కూర్చుంది. పిల్ల నుదుటి మీద మచ్చ నల్లబడింది. ఒళ్లో చేతులు పెట్టుకుని చెప్పులనే చూసుకుంటోంది. అమ్మ ఇంట్లో ఉందని, నాయన కూడా లేచి తిరుగుతున్నాడని నవత చెప్పింది. పిల్ల తలూపింది.

బస్సు వంతెన మీదికి వచ్చి ఏదో బండి అడ్డం ఉండి ఆగిపోయింది. కింద తాపీ. నీటి మీది నుంచి గాలి లోపలికి కొట్టింది, దానితో పాటే పశువుల అరుపు ఒకటి వచ్చింది. రుచిత మెడ కొంచెం కదిలింది. ఆగింది. నవత ఏమీ పట్టనట్టు ఎదుటి సీటును చూస్తూ కూర్చుంది.

పిల్ల మెల్లగా లేచి, ఆమె మోకాళ్ల మీదుగా వంగి బయటకు చూసింది. నదిలో బర్రెల మంద. నీటి పైన తలలు మాత్రమే ఉన్నాయి.

"అక్కా, అవి నిలవడ్డయా, ఈత కొడ్తున్నయా?"

చాలా నెలల తరువాత ఆ గొంతులో ప్రశ్న వినడం ఇదే.

"ఏమో బిడ్డా. నీళ్లల్ల కాళ్లు కనవడ్తలేవు గద. నీకెట్ల అనిపిస్తున్నది?"

రుచిత కళ్లు చికిలించుకుని చూసింది. బస్సు కదిలింది. పిల్ల కమ్మీ పట్టుకుని మంద వైపే మెడ తిప్పుతూ ఉంది.

"ఈత కొడ్తున్నయి," అంది చివరికి.

"ఎట్లెర్క?"

"దూడ తల గూడ పెద్దయాటి లెక్కనే పైకున్నది. దాని కాళ్లు పొట్టియి గద. నిలవడితే మునిగిపోతది."

నవత తన వంకర వేళ్ల చేతిని పిల్ల వీపు మీద వేసింది. పడిపోకుండా పట్టుకుని, తానూ వంగి ఆ దూడ ఎక్కడుందా అని వెతికింది.